గుడ్లు పగలని కారు!

బుట్ట నిండా కోడిగుడ్లు. ఎదురుగా దున్నిన పొలం. దానికి అడ్డంగా కారు నడపాలి... ఒక్క గుడ్డూ పగలకూడదు! 1930ల్లో ఫ్రాన్స్‌లోని సిట్రోయెన్ కంపెనీ పెద్ద పియర్ బులాంజే తన ఇంజినీర్లకు పెట్టిన పరీక్ష ఇది. అదెంత కష్టమో చేలగట్ల మీద బండి తోలే మొగల్తూరు రైతుకు వేరే చెప్పాలా!

గుర్రబ్బండ్ల మీద సంతకెళ్లే పల్లె జనానికి ఓ కారు ఇవ్వాలన్నది బులాంజే కోరిక. ఇద్దరు రైతులు, యాభై కిలోల బంగాళాదుంపలు ఎక్కితే గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలి. వంద కిలోమీటర్లకు మూడు లీటర్ల పెట్రోలు మించకూడదు. 1939 నాటికి సుమారు 250 కార్లు సిద్ధమయ్యాయి. అంతలో యుద్ధం! జర్మన్ల చేతికి చిక్కకూడదని వాటిని తుక్కు చేయమన్నాడు బులాంజే. కొన్నింటిని మాత్రం రహస్యంగా దాచేశారు.

నవ్విన నాపచేనే...

చివరికి 1948 అక్టోబరులో, పారిస్ ప్రదర్శనలో '2సీవీ' తెరముందుకొచ్చింది. రేకుడబ్బాలా ఉందని పత్రికలవాళ్లు నవ్వారు. కానీ కొనేవాళ్లు ఏళ్ల తరబడి వరస కట్టారు. పల్లెలు తిరిగే డాక్టర్లకు, మంత్రసానులకు, చిన్న రైతులకు ముందు ఇచ్చారు. ఇంజిను 375 సీసీ, తొమ్మిది హార్స్‌పవర్. గాలితోనే చల్లబడుతుంది కాబట్టి రేడియేటర్ లేదు, నీళ్లు పోసే పనీ లేదు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ స్ప్రింగులతో లంకె ఉండటంతో గతుకుల్లోనూ కుదుపు తక్కువ. 1990 జులై 27న పోర్చుగల్‌లో చివరి బండి తయారయ్యేసరికి లెక్క 38 లక్షలు దాటింది.

తుప్పే శత్రువు

పాత 2సీవీని బాగుచేయడం మరీ బ్రహ్మవిద్యేమీ కాదు. మడ్‌గార్డులు బోల్టులు విప్పితే ఊడొస్తాయి. అసలు చిక్కు కింద ఉన్న ఛాసిస్‌తోనే. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల తుప్పు తినేస్తుంది. అందుకే చాలామంది బాడీని పైకెత్తి, జింకుపూత పూసిన కొత్త ఛాసిస్ వేయిస్తారు. పేరుపాలెం తీరం ఉప్పుగాలి రుచి చూసిన ఇనుము సంగతి తెలిసినవాళ్లకు ఇది అర్థమయ్యే బాధే.

మరి అంతా మార్చేస్తే పాత కారు ఎక్కడ మిగిలినట్టు? 1994లో ఫ్రాన్స్‌లోని లా ఫెర్తె-విదామ్‌లో ఓ కొట్టం అటక మీద యుద్ధానికి ముందునాటి కార్లు మూడు బయటపడ్డాయి. కంపెనీ వాటికి రంగు వేయలేదు, తుప్పు గీకలేదు. ఉన్నవి ఉన్నట్టే దాచింది. వాటి విలువంతా ఆ మరకల్లోనే ఉందని!

ఇదేదో ఫ్రాన్సువాళ్ల గొడవ అనుకోనక్కర్లేదు. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌ను తాతగారి గుర్తుగా దాచుకున్న ఇళ్లు మనకూ ఉన్నాయి. 2021లో వచ్చిన కేంద్రం నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటితే 'వింటేజ్' గుర్తింపు కోరవచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కాబట్టి మెకానిక్కు తాళాలిచ్చే ముందే ఏది మార్చాలో, ఏది ముట్టుకోకూడదో తేల్చుకోవాలి.

బాగుచేయడమంటే కొత్తది చేయడం కాదు... గుడ్డు పగలకుండా పొలం దాటించడం!