స్పీకర్లు మార్చే ముందు కారు డోర్‌ను తట్టి చూడండి

కొత్త స్పీకర్లు వేయించినా కారులో తిలావత్ పెడితే గొంతు పల్చగా, డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తోందా? వాల్యూమ్ పెంచితే డోర్ గరగరమంటోందా? ఈ మాట కార్ డెకార్ షాపులో చెబితే ఆంప్లిఫయర్ వేయించమంటారు, లేదంటే డిక్కీలో సబ్‌వూఫర్ పెట్టించమంటారు. రెండూ వేలల్లో ఖర్చే. కానీ చాలా కార్లలో అసలు లోపం స్పీకర్‌ది కాదు, దాన్ని బిగించిన డోర్‌ది.

ఇంట్లో వాడే స్పీకర్‌ను పెట్టెలో ఎందుకు బిగిస్తారు? స్పీకర్ కోన్ ముందున్న గాలిని నెట్టిన క్షణంలోనే వెనకున్న గాలిని లాగుతుంది. అంటే ముందు శబ్దం, వెనక శబ్దం ఒకదానికొకటి వ్యతిరేకం. రెండూ కలిస్తే కొట్టుకుపోతాయి, జమ ఎంతో ఖర్చు అంతే అయినప్పుడు చేతిలో ఏమీ మిగలనట్టు. లోతైన శబ్దాలకే ఈ దెబ్బ ఎక్కువ. 100 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 3.4 మీటర్లు. వెనక శబ్దం జానెడు దూరం చుట్టి ముందుకొచ్చినా దాని ముందు అది లెక్కలోకే రాదు, వ్యతిరేకంగానే ఉంటుంది. మగవారి గొంతుకు మూలమైన స్వరం ఎక్కువగా 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్యే ఉంటుంది. ఖారీ గొంతులో నిండుదనం, ఖవ్వాలీలో ఢోలక్ దెబ్బ తగ్గిపోయేది ఇక్కడే. ఖవ్వాలీ వినాలా వద్దా అన్నది మాత్రం మీ ఇంట్లో తేల్చుకోండి!

డోర్ ప్యాడ్ విప్పితే విషయం కళ్లకే కనిపిస్తుంది. లోపలి రేకుకు చేయి దూరేంత రంధ్రాలుంటాయి. గ్లాస్ మోటార్, లాక్ రిపేర్ల కోసం కంపెనీ వదిలినవి అవి. చాలా కార్లలో వాటి మీద పల్చని ప్లాస్టిక్ షీట్ అంటించి ఉంటుంది. అది నీళ్లను ఆపుతుంది, శబ్దాన్ని అంతగా ఆపలేదు. పాత కారైతే ఎప్పుడో మెకానిక్ దాన్ని చించి అలాగే వదిలేసి కూడా ఉండొచ్చు. ఇక బయటి రేకు మందం ఒక మిల్లీమీటర్ కూడా ఉండదు. వేలితో తట్టండి, ఖాళీ రేకు డబ్బాలా మోగుతుంది. స్పీకర్ మోగినప్పుడు ఇదీ దాంతో పాటు మోగుతుంది.

కాబట్టి పనులు రెండు: బయటి రేకు అదురును తగ్గించడం, లోపలి రేకు రంధ్రాలు మూయడం. షాపుల్లో రెంటినీ కలిపి ‘డ్యాంపింగ్ ప్యాకేజీ’ అంటారు. చాలాచోట్ల మొదటిది చేసి రెండోది వదిలేస్తారు. గొంతు నిండుగా రావాలంటే ఆ రెండోదే ముఖ్యం.

బయటి రేకుకు అల్యూమినియం పొర ఉన్న 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ షీట్ వాడతారు. రేకును శుభ్రంగా తుడిచి, షీట్ అంటించి, రోలర్‌తో గట్టిగా నొక్కాలి. డోర్ మొత్తం కప్పక్కర్లేదు. రేకు ఎక్కువగా అదిరే మధ్యభాగంలో మూడో వంతు కప్పితే చాలావరకు సరిపోతుంది. రేకు 6 చదరపు అడుగులనుకుంటే 2 అడుగుల షీట్ చాలు, మిగతా 4 అడుగుల డబ్బు మీ జేబులోనే. అందుకే ప్యాకేజీ రేటు కాదు, చదరపు అడుగు రేటు అడగండి. చవకని తారు షీట్ మాత్రం వద్దు. మన మే నెల ఎండలో మెత్తబడి వాసనొస్తుంది, ఊడి గ్లాస్ దారిలో పడినా పడుతుంది.

లోపలి రేకులో చిన్న రంధ్రాలకు బ్యూటైల్ షీట్ చాలు. పెద్ద వాటికి అల్యూమినియం లేదా గట్టి ప్లాస్టిక్ పలకను కోసి స్క్రూలతో బిగించాలి. రేపు గ్లాస్ మోటార్ చెడితే మళ్లీ విప్పాలి కదా. స్పీకర్ చుట్టూ ఫోమ్ రింగు వేస్తే ప్యాడ్ వెనక్కి శబ్దం పోకుండా క్యాబిన్‌లోకి వస్తుంది.

రెండు విషయాల్లో రాజీ పడొద్దు. ఒకటి, డోర్ అడుగున ఉండే చిన్న రంధ్రాలు. వానలో గ్లాస్ పక్కనుంచి లోపలికి జారిన నీళ్లు వాటిలోంచే బయటికి పోతాయి. అవి మూసుకుపోతే డోర్ లోపలి నుంచి తుప్పు పడుతుంది. రెండోది ఇంకా పెద్దది. సైడ్ ఎయిర్‌బ్యాగులున్న కొన్ని కార్లలో, ఢీకొన్నప్పుడు డోర్ లోపలి గాలి పీడనం మారడాన్ని పసిగట్టే సెన్సర్ ఉంటుంది. మీ కారులో అది ఉందేమో సర్వీస్ సెంటర్‌లో అడగకుండా డోర్ మూయించకండి. పిల్లలు కూర్చునే బండి అది.

ఇవన్నీ చేయించే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. బ్యాలెన్స్‌ను పూర్తిగా ఒక పక్కకు పెట్టి వినండి, తర్వాత మధ్యకు తెండి. మధ్యలో బేస్ పెరగాల్సింది పోయి తగ్గిందంటే, ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ వైర్లు తారుమారై ఉండొచ్చు. వైర్లు సరిచేస్తే సరిపోతుంది.

ముందు డోర్లు రెండింటితో మొదలుపెట్టండి, వెనకవి తర్వాత చూడొచ్చు. దీంతో సబ్‌వూఫర్ స్థాయి బేస్ రాదు. రోడ్డు చప్పుడు కూడా కొంతే తగ్గుతుంది, ఎందుకంటే టైర్ల మోత ఎక్కువగా ఫ్లోర్ నుంచి, చక్రాల గూళ్ల నుంచి వస్తుంది. పని అయ్యాక ప్యాడ్ బిగించేయనివ్వకండి. మళ్లీ రేకు తట్టండి, ‘టంగ్’ పోయి ‘టప్’ అనాలి. తర్వాత గ్లాస్ మీద ఒక సీసా నీళ్లు పోయించండి. డోర్ అడుగు నుంచి కారుతున్నాయని చూసుకున్నాకే ప్యాడ్ బిగించమని చెప్పి డబ్బులివ్వండి.