మేనరికము - గోత్రము, జన్యువు

ఊత్తంగరై ప్రాంతపు తెలుగువారిలో మేనరికము చిరకాలాచారము. మేనమామ కూతురి ఇంటిపేరు, గోత్రము వేరు గనుక సంబంధమునకు అడ్డులేదని పెద్దల లెక్క. గోత్రము తండ్రి వంశమునే గణించును. వంశలక్షణములను మోయు జన్యువు అట్లు గాక, తల్లినుండి ఒక ప్రతి, తండ్రినుండి ఒక ప్రతిగా బిడ్డకు సంక్రమించును.

కొన్ని రోగములలో ఒక ప్రతియే లోపించినచో మనుష్యుడు ఆరోగ్యవంతుడుగనే యుండును. అతడు 'వాహకుడు'. రెండు ప్రతులును లోపించినచో రోగము బయటపడును. ఇట్టి లోపమును 'అంతర్గత' లోపమందురు. ఒకే పూర్వికుని జన్యుప్రతి తల్లిదండ్రు లిరువురి ద్వారా బిడ్డకు చేరు సంభావ్యత 'అంతఃప్రజనన గుణకము'. మేనబావ మరదళ్ళ బిడ్డకు అది 16లో 1 వంతు. మేనమామ మేనకోడళ్ళ బిడ్డకు 8లో 1 వంతు. 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడిన జీవశాస్త్రజ్ఞుడు హాల్డేన్‌కు శిష్యుడైన ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రదేశపు మేనరికములను ఈ దృష్టితో పరిశీలించెను.

మేనరికపు బిడ్డలలో పెక్కురు ఆరోగ్యవంతులే. అయినను కుటుంబమున పుట్టుచెవుడు వంటి లోపమున్నచో, ముహూర్తమునకు ముందు వైద్యుని సలహా పొందుట మేలు. అంతర్గత లోపముతో బిడ్డ పుట్టినపుడు తల్లినొక్కతెనే నిందించుట అన్యాయము. ఆ రెండు ప్రతులలో ఒకటి తండ్రి యిచ్చినదే గదా!