సర్వర్‌కు ర్యామ్ చాలకపోతే డిస్క్ ఎలా ఆదుకుంటుంది?

చిన్న సర్వర్‌లో 1 జీబీ ర్యామే ఉందనుకోండి. వెబ్‌సైటూ డేటాబేసూ కలిసి అంతకు మించి అడిగితే? లినక్స్ ఏదో ఒక ప్రోగ్రామ్‌ను బలవంతంగా ఆపేస్తుంది. చాలాసార్లు బలయ్యేది ఎక్కువ మెమరీ వాడుతున్న డేటాబేసే.

ఈ ముప్పును తగ్గించేది స్వాప్. డిస్క్‌లో కొంత చోటు కేటాయిస్తే, చాలాసేపుగా వాడని మెమరీ పేజీలను లినక్స్ మూలభాగమైన కెర్నల్ అక్కడికి పంపుతుంది. పేజీ అంటే సాధారణంగా 4 కేబీల ముక్క. అవసరమైనప్పుడు కెర్నల్ ఆ పేజీలను వెనక్కి తెస్తుంది. సంక్రాంతికి తప్ప తియ్యని పెద్ద గిన్నెలను అటకెక్కించినట్టన్నమాట. ఈ రాకపోకలు ప్రోగ్రామ్‌కు తెలియనే తెలియవు! 1962లో మాంచెస్టర్‌లో మొదలైన అట్లాస్ కంప్యూటర్ ఇలాంటి పనే తిరిగే అయస్కాంత డ్రమ్ముతో చేసింది.

మరి స్వాప్ ఎలా పెట్టాలి? ముందు డిస్క్‌లో 2 జీబీల ఫైలు సృష్టించాలి. నిర్వాహక ఖాతా అయిన రూట్ తప్ప ఎవరూ చదవకుండా దాని అనుమతిని 600కు మార్చాలి. ఇది మాత్రం మరవకండి, మెమరీలోని పాస్‌వర్డులూ అందులోకి చేరవచ్చు. తర్వాత ‘ఎంకేస్వాప్’ అనే ఆదేశం ఫైలును సిద్ధం చేస్తుంది, ‘స్వాపాన్’ వాడుకలోకి తెస్తుంది. రీబూట్ తర్వాతా ఉండాలంటే ‘ఎఫ్‌ఎస్‌ట్యాబ్’ అనే ఫైలులో ఒక వరుస చేర్చాలి.

అయితే ఎస్‌ఎస్‌డీ కూడా ర్యామ్ కంటే చాలా నెమ్మది. పేజీలు రోజంతా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటే సర్వర్ మందగిస్తుంది. అప్పుడిక ర్యామ్ పెంచాల్సిందే.