పసిపిల్లల పాలపండ్లు - పిప్పి

“ఎట్లును ఊడిపోవు పండ్లే గదా!” అని పాలపండ్ల పిప్పిని పెద్దలు తరచు ఉపేక్షింతురు. కాని వెనుకటి పాలదవడపండ్లు పది, పన్నెండేండ్ల వరకు నిలిచి, రాబోవు శాశ్వత దంతములకు చోటు కాపాడును. అవి ముందే పోయినచో కొత్తవి వంకరగా మొలవవచ్చును. ఈలోగా నొప్పివలన బిడ్డకు తిండియు, నిద్రయు చెడును.

పన్ను పుచ్చుట పురుగు పని కాదు. పండ్లనంటిన పాచిలో సూక్ష్మజీవులు కలవు. వానిలో ముఖ్యమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌ను 1924లో క్లార్కు వర్ణించెను. ఇవి చక్కెరను ఆమ్లముగా మార్చును. పి.హెచ్. సుమారు 5.5 కంటె తగ్గినచో పంటిపైనున్న ఎనామిల్ కరుగసాగును. లాలాజలము ఆమ్లమును విరిచి, పోయిన ఖనిజమును మెల్లగా తిరిగి చేర్చును. ఇందుకు కొంత వ్యవధి కావలెను.

కావున ఎంత తీపి తినిరన్నదే కాదు, ఎన్నిమారులు తినిరన్నదియు ముఖ్యము. వరంగల్లు వాడలలో ఏడ్చు బిడ్డకు బెల్లపుముక్కయో, పిప్పరమెంటు బిళ్ళయో ఇచ్చుట కలదు. మేడారము జాతరలో ‘బంగారము’ అని పిలువబడు బెల్లమైనను సూక్ష్మజీవులకు చక్కెరయే. నిద్రలో లాలాజలము తగ్గును గనుక, తీపి పాలసీసాతో పరుండబెట్టుట మరింత హాని.

తీపిని భోజనముతోనే పెట్టవలెను. పెద్దలే పిల్లల పండ్లు రెండుపూటలు తోమవలెను. ఫ్లోరైడు పేస్టు మూడేండ్లలోపు బియ్యపుగింజంత, ఆపైన బఠాణీగింజంత చాలును. రాత్రి తోమిన పిదప నీరు తప్ప మరేమియు ఇయ్యరాదు.

చిగురు చెంత సుద్దవంటి తెల్లమచ్చ పిప్పికి తొలి గుర్తు. అప్పుడే జాగ్రత్తపడినచో రంధ్రము పడకుండ ఆపవచ్చును.