రాత్రి భోజనమునకు ఆకులో కాల్చిన చేప

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతములలో చేప యనగానే చింతపండు పులుసో, మూకుడు నిండ నూనెలో వేపిన ముక్కయో గుర్తుకు వచ్చును. పగలు పొలములో శ్రమించువారికి అవి చెల్లవచ్చును. దీపములు పెట్టిన తరువాత, జఠరాగ్ని మందగించిన వేళ, వయసు మళ్ళినవారికిని, అజీర్ణరోగులకును అవి హితకరములు కావు. "మాకు చేప పడదు" అనువారిలో కొందరికి కీడు చేయునది ఆ నూనె, కారములే. తిన్నంతనే దద్దుర్లు, ఆయాసము వచ్చువారు మాత్రము చేపను ఏ రూపమునను ముట్టరాదు.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరునకు కొర్రమేను, మట్టగిడస, వాలుగ, జెల్ల సహజ సంపద. నేడు బజారులో విరివిగా దొరకునవి కైకలూరు, ఆకివీడు, భీమడోలు పరిసరముల చెరువులలో పెంచిన శీలావతి, బొచ్చెలు. శీలావతినే ప్రాచీనులు రోహితమనిరి. చేపలు సామాన్యముగా గురువులు, ఉష్ణములు, బలకరములు, వాతహరములని చరకసంహిత చెప్పుచున్నది. రోహితము మాత్రము నాచు మేయుటచేతను, నిద్రింపకుండుటచేతను తేలికగా జీర్ణమై అగ్నిని పెంచునట. తవుడు, చెక్క మేసి పెరిగిన నేటి శీలావతికి ఆ మాట ఎంతవరకు చెల్లునో పాఠకులే యోచింపవలెను! వండు రీతులలో కాల్చిన చేపయే గుణములందు శ్రేష్ఠమనియు, పుష్టిని, బలమును ఇచ్చుననియు భావప్రకాశము పేర్కొనుచున్నది.

చేపను శుభ్రపరచునప్పుడు కడుపులోని ఆకుపచ్చని పిత్తపు తిత్తి చిట్లకుండ తీసి పారవేయవలెను. మధుమేహమునకు, ఉబ్బసమునకు మందని దానిని పచ్చిగా మ్రింగు మూఢాచారమొకటి కలదు. ఇది ప్రాణాంతకము. శీలావతి, బొచ్చె, గడ్డిచేపల పిత్తములోని విషము మూత్రపిండములను, కాలేయమును చెరచును, ఉడికించినను నశింపదు. మ్రింగినవారికి మొదట వాంతులు, విరేచనములు పట్టి, పిదప ఒకటి రెండు దినములలో మూత్రము తగ్గిపోవును. ఇంటి చిట్కాలతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోయి, పిత్తము మ్రింగిన సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.

ఇక వంట. నలుగురికి అరకిలో ముక్కలు చాలును. శీలావతిలో సన్నని ముళ్ళు మెండు. పిల్లలకు, వృద్ధులకు తెల్లని కండగల కొర్రమేను మేలు. అంగుళము మందపు ముక్కలకు ఉప్పు, అరచెంచా పసుపు, చెంచా మిరియాల పొడి, జీలకర్ర పొడి, దంచిన అల్లము, ఒక నిమ్మకాయ రసము, రెండు చెంచాల నువ్వులనూనె పట్టించి పావుగంట ఉంచవలెను. చేపతో పాలు విరుద్ధాహారమని చరకుని మతము. కనుక పాలు, మీగడ చేర్చవద్దు. అరటియాకును సెగపై వాడ్చి, చక్రములుగా తరిగిన ఉల్లిపాయలు పరచి (గూడెం మార్కెట్టున్నవారికి వాటికి కొదువయా!), పైన ముక్కలుంచి పొట్లము కట్టి నూలుతో బిగింపవలెను. ఓవెనున్నవారు 200 డిగ్రీల వేడిలో సుమారు 20 నిమిషములుంచిన చాలును. లేనివారు మందపాటి ఇనుప పెనముపై మూతపెట్టి, సన్నని సెగను ఒక్కొక్క వైపు పది నిమిషములు కాల్చవచ్చును. ఆకు నల్లబడినను భయములేదు. విప్పి చూచినప్పుడు కండ గాజువలె మెరయక, పాలవలె తెల్లనై, పొరలు పొరలుగా విడివడవలెను. లేనిచో మరల కట్టి మరి ఐదు నిమిషములు ఉంచుడు.

వేడి అన్నము, మిరియాల చారుతో ఎనిమిది గంటలలోపు భుజించుట మంచిది. మూత్రపిండ వ్యాధిగ్రస్తులు వైద్యుడు చెప్పిన పరిమాణము మీరరాదు.