కరక్కాయ, బెల్లం, ఇనప ముక్కలతో బొమ్మలు

అరటికాయను ఇనప కత్తిపీట మీద తరుగుతాం. కాసేపటికి కత్తిపీట నల్లబడుతుంది. వేళ్ళూ నల్లబడతాయి. ఎంత తోమినా ఆ మరక ఒక పట్టాన పోదు. ఎందుకో తెలుసా? అరటికాయలో వగరు ఉంది. వగరు, ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది.

మనం విసుక్కునే ఈ నలుపుతోనే శ్రీకాళహస్తిలో బొమ్మలు గీస్తారు. రామాయణం, భారతం కథలను గుడ్డ మీద బొమ్మలుగా వేస్తారు. ఈ పనిని కలంకారీ అంటారు. కలం అంటే మనం రాసుకునే కలమే. కాకపోతే ఇది వెదురు పుల్ల. కొన సన్నగా చెక్కి, కాస్త పైన గుడ్డ పేలిక చుట్టి దారంతో కడతారు. పేలిక సిరాను పీల్చుకుంటుంది. వేళ్ళతో నొక్కితే సిరా కొనకు దిగుతుంది.

ముందు నూలుగుడ్డను బాగా ఉతుకుతారు. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి అందులో తడిపి ఆరబెడతారు. దగ్గు వస్తే మనం బుగ్గన పెట్టుకునేది ఈ కరక్కాయే. దాని వగరు సంగతి ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. మరి పాలెందుకు? పాలలో జిడ్డు ఉంది. జిడ్డు ఉంటే సిరా పాకదు. గీత గీసినచోటే నిలుస్తుంది.

ఇక సిరా. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం కుండలో వేసి నీళ్ళు పోస్తారు. రెండు మూడు వారాలు కదపరు. బెల్లం నీళ్ళు పులుస్తాయి. ఆ పులుపుకు ఇనుము కొంచెం కొంచెంగా కరుగుతుంది. ఆ నీళ్ళే సిరా. చింతపుల్లను కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీసుకుంటారు. దాని మీద ఈ సిరాతో దిద్దుతారు. కరక్కాయ పట్టిన గుడ్డకు సిరా తగిలితే నల్లని గీత పడుతుంది. ఉతికినా పోదు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్ళు పూసి, మంజిష్ఠ వేరుతో ఉడకబెడతారు. దానిమ్మ తొక్క పసుపు రంగు ఇస్తుంది.

ఒక దశలో ఈ పని దాదాపు ఆగిపోయింది. కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950లలో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. పని మళ్ళీ నిలబడింది. జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టి తండ్రి లక్ష్మయ్య దగ్గర ఈ పని నేర్చుకున్నారు. 2008లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చాలాకాలం కలం ఎక్కువగా మగవాళ్ళ చేతిలోనే ఉండేది. ఇప్పుడు ఆడవాళ్ళూ పట్టారు. ద్వారక అనే సంస్థ అక్కడి ఆడవాళ్ళకు పని నేర్పి, జీవనోపాధి చూపింది.

తిరువూరు వాళ్ళకు దగ్గర మచిలీపట్నం పక్కనున్న పెడన. అక్కడా కలంకారీ ఉంది. అయితే అక్కడ చెక్క అచ్చులతో అద్దుతారు.

బజారులో మిషను మీద అచ్చు వేసిన చీరలను కూడా కలంకారీ అనే అమ్ముతారు. చవకగా వస్తాయి. కానీ చేత్తో ఒక చీర వేయడానికి వారాలు పడుతుంది. ఒక్కోసారి నెలలూ పడుతుంది. చేతిపని చీర అని ఎక్కువ ధర చెబితే, ఒకే రకం పూలు రెండు పక్కపక్కన పెట్టి చూడాలి. మిషను పూలు అచ్చంగా ఒకేలా ఉంటాయి. చేత్తో గీసిన పూలలో ఒక రేకు పెద్దది, ఒక రేకు చిన్నది.