వరదకు ముందే పశువుల మేత

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ నున్న కొత్తపేట సీమలో గోదావరి పొంగినపుడు లంకలలోని పచ్చిక మునిగిపోవును. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలను రైతులు మరువలేదు. గట్టుమీదికి తోలిన పశువులకు అప్పుడు వరిగడ్డియే ఆధారము.

వరిగడ్డి కడుపు నింపును గాని బలము నీయదు. అందు మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లు మాత్రమే. పశువు పెద్దపొట్టలో పీచును జీర్ణింపజేయు సూక్ష్మజీవులకు నత్రజని కావలెను. అది చాలనిచో పశువు మేయుచునే చిక్కిపోవును.

దీనికి సులభోపాయము కలదు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో కరగించి, పొరపొరగా చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ 21 దినములు కప్పి యుంచవలెను. కనుక దాళ్వా గడ్డిని జూన్‌లోనే మెరకమీద సిద్ధపరచుకొనవలెను. వరద వచ్చిన పిమ్మట వ్యవధి యుండదు. తీసిన గడ్డిని ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు. యూరియా నీరు త్రాగిన పశువు ప్రాణమునకే ముప్పు.

ఆస్ట్రేలియా బయళ్లలో కొన్నిచోట్ల పశువు నీటికి పోవు దారిలోనే యంత్రము దానిని తూచి, చెవిబిళ్లను గుర్తించి, చిక్కినదానిని మేతదొడ్డికి మళ్లించును. మనకు టేపు చాలును. పదిహేను దినముల కొకసారి రొమ్ము చుట్టుకొలత వ్రాసికొని, తగ్గినదానికి తవుడు, కొబ్బరి చెక్క, లవణ మిశ్రమము అదనముగ పెట్టవలెను.